బిడ్డ పక్కన ఒకరుండాలి

సనత్‌నగర్, అమీర్‌పేట వీధుల్లో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకునేటప్పుడు "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అంటారు. పెద్దలూ నవ్వుతూ అదే మాట అంటారు. పక్కనే ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు ఇలా తిట్టయి కూర్చుంది. నిజాం కాలంలో దాన్ని 'దారుల్ మజానీన్' అనేవారు. అంటే పిచ్చివారి ఇల్లు అని అర్థం. ఆ పేరు ఏనాడో మారింది. మన నాలుకలే మారలేదు.

ఈ తిట్టు ఎవరికి తగులుతోంది? గుండెదడతో, నిద్రలేని రాత్రులతో లోలోపల నలిగిపోయే పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలకు. "అమ్మీ, దిల్ ఘబ్రారా" అని బిడ్డ అంటే, "నీకేం తక్కువైంది? పోయి చదువుకో" అంటాం. ఆ తర్వాత బిడ్డ చెప్పడం మానేస్తాడు. చెప్పనంత మాత్రాన భయం పోదు. కడుపునొప్పిగానో, బడికి పోనన్న మొండితనంగానో బయటపడుతుంది.

బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ (1907-1990) తల్లీబిడ్డల అనుబంధాన్ని జీవితమంతా పరిశీలించారు. పాకే పసివాడు కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూస్తాడు. అమ్మ కనిపిస్తే ధైర్యంగా ముందుకు పోతాడు. మీసాలు మొలిచే వయసులోనూ ఆ వెనుచూపు పోదు. పిలిస్తే పలికేవారున్నారన్న నమ్మకం సడలితే కొందరు క్షణం వదలకుండా అంటిపెట్టుకుంటారు. మరికొందరు తలుపు వేసుకుని ఎవరూ అక్కరలేదన్నట్లుంటారు.

అలాగని జబ్బుకు తల్లిదండ్రులే కారణమని కాదు. వంశపారంపర్యం, శరీరతత్వం, బయటి ఒత్తిళ్లు అన్నీ కలుస్తాయి. కాని కోలుకోవడంలో ఇంటివారి పాత్ర చాలా పెద్దది. చట్టం కూడా దీన్ని గుర్తించింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆసుపత్రిలో చేర్చిన మైనర్లను పెద్దవారితో కలపకుండా వేరుగా ఉంచాలి. సంరక్షకుడో, ఆయన నియమించిన మనిషో చికిత్స ముగిసేదాకా వెంటే ఉండాలి. ఆడపిల్లకు తోడు స్త్రీయే ఉండాలి.

మనం చేయగలిగిందేమిటి? డాక్టరు వద్దకు బిడ్డతో పాటు అమ్మీ, అబ్బా ఇద్దరూ వెళ్లాలి. ఆందోళనకు ఇచ్చే మందులు చాలావరకు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. గుణం కనిపించలేదని మధ్యలో ఆపకూడదు. దువా చేయించండి, కాని దవా మానిపించకండి. దేహానికి లాగే మనసుకూ జబ్బులుంటాయని, వాటికీ చికిత్స ఉందని అబూ జైద్ అల్ బల్ఖీ వెయ్యేళ్ల క్రితమే గ్రంథం రాశారు. బిడ్డ నోట చావు మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయక వెంటనే వైద్యసాయం తీసుకోండి. రాత్రయినా, పగలయినా 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఇంట్లో రోజూ కొంతసేపు హితబోధ లేకుండా బిడ్డ పక్కన కూర్చోండి. చెబితే వినండి, చెప్పకపోతే ఊరకే ఉండండి. వెనక్కి తిరిగి చూసినప్పుడు మనం కనిపించాలి. అంతే.