బొమ్మల పుస్తకములందలి లెక్క - తెలుగు సంఖ్యావాచకములు

శిశువులకు బొమ్మల మూలమున లెక్క నేర్పు పుస్తకములు పెక్కు దేశములందు వెలువడుచున్నవి. వానిని తెనిగించుట సులభమని పలువురి తలంపు. పుటకు పది మాటలైనను లేనిచోట అనువాదకునకు కష్టమేమి? కాని ఆ మాటలలో నొకటి సంఖ్యావాచకమైనచో తెలుగువానికి చిక్కు అచటనే కలుగుచున్నది. ఆ చిక్కు స్వరూపమును విచారింతము.

1969లో వెలువడిన ఎరిక్ కార్ల్ పుస్తకమున గొంగళిపురుగు సోమవారము ఒక ఆపిలుపండుతో మొదలిడి, దినమున కొకటి హెచ్చించుచు, శుక్రవారమునకు ఐదు నారింజపండ్లు తినును. పురుగు తొలిచిన రంధ్రమున శిశువు వ్రేలుంచి లెక్కించును. పండ్లన్నియు అమహత్తులు. కావున ఇందు అనువాదకునకు అడ్డు లేదు.

జపాను చిత్రకారుడు మిత్సుమాస అన్నో (1926-2020) పద్ధతి వేఱు. ఆయన కొంతకాలము ఉపాధ్యాయుడు. ఆయన 1975లో వెలువరించిన లెక్కల పుస్తకమున కథాకథనమునకు మాటలే లేవు. మొదట మంచు గప్పిన బయలు, అది సున్న. పిదప పుట త్రిప్పినకొలది ఆ బయట ఊరు పెరుగును. ఇండ్లు, చెట్లు, మనుష్యులు ఆయా పుట సంఖ్యకు సరిపడ నుందురు. పండ్రెండుతో ఏడాది ముగిసి మరల మంచు కురియును. ఇల్లును మనిషియు ఒకే సంఖ్యకు లోబడుననుటయే అందలి పాఠము.

మాటలు లేనిదానికి అనువాదమేల యందురేమో. శిశువును ఒడిలో నుంచుకొన్న తల్లి మాటాడక తప్పదు గదా! ఆమె మూడవ పుటలో "మూడు ఇండ్లు, మూడు చెట్లు" అనును. పిల్లలను చూపి "ముగ్గురు" అనును. ఏ ఐక్యమును చిత్రకారుడు చూపదలచెనో దానిని భాష రెండుగా చీల్చినది.

ఈ చీలిక అన్ని సంఖ్యలయందు సమానము కాదు. ఒకటియందు ఒకడు, ఒకతె, ఒకటి యని రూపములు మూడు. ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అనువానిలో సంఖ్య చెవికి స్పష్టముగా వినబడును. నలుగురు అనుచో హ్రస్వమైనను గుర్తుపట్టవచ్చును. ముగ్గురు అనుచో 'ము' మాత్రము మిగిలినది. ఇద్దరు అనుచో రెండు జాడయే లేదు. తమిళమున 'ఇరండు' అను రూపమును చూచినవారికి రెండు, ఇద్దరు, ఇరువది ఏకమూలములని తెలియును. మూడేండ్ల శిశువున కది యెట్లు తెలియును? పది దాటినపిదప పదిమంది, పన్నెండుమంది యని త్రోవ సుగమమగును. అనగా శిశువు మొట్టమొదట నేర్చు సంఖ్యలయందే కాఠిన్యము హెచ్చు.

ఈ కష్టమును తప్పించుకొనుటకై "మూడు బాలురు" అని అచ్చువేసిన పుస్తకమొకటి మా కంటబడినది. లెక్క కొఱకు భాషను చెఱచుట మాకు సమ్మతము కాదు. ఇంటిలో ఎన్నడును వినని మాటను పుస్తకమున చదివిన శిశువు లెక్కనే పరాయిదానిగా నెంచును. చొక్కాలు దొడిగిన కుందేళ్ళను "ఇద్దరు" అనవలెనా, "రెండు" అనవలెనా యనుట మఱియొక సమస్య. పిల్లలు ఇద్దరనియే అందురు. కథలో అవి మనుష్యులవలె మెలగుచుండ ఆ మాటను తప్పనుట మాకు ఉచితముగ తోపదు.

తెలుగున స్వతంత్రముగ ఇట్టి పుస్తకము వ్రాయువారు పుటలను సమముగ పంచనక్కఱలేదు. ఏడునకు ఒక పుట చాలును. రెండునకు నాలుగైన నుండవలెను. ఒకవైపు ఇద్దరు పిల్లలు, ఎదుట రెండు గొడుగులు. గొడుగొక్కటి చొప్పున పిల్లలకు వ్రేలితో జతగూర్చినపుడు ఇద్దరును రెండును సరిపోయినవని శిశువే కనుగొనును.