ఖతర్నాక్ అంటే మంచా? చెడ్డా?

"బిర్యానీ ఖతర్నాక్ ఉంది" అంటే ఇంకో ప్లేట్ చెప్పేయొచ్చు. "ఆ రోడ్డు ఖతర్నాక్ ఉంది" అంటే బండి స్లో చెయ్యాలి. మరి "వాడు ఖతర్నాక్ గాడు" అంటే? అన్నది ఎవరో చూడాలి. కరీంనగర్‌లో మా అమ్మమ్మ అంటే, 'వాడు జిత్తులమారి, పైసలియ్యకు' అని. మా తమ్ముడు అంటే, వాడు బ్యాటింగ్ ఇరగదీస్తాడని. ఒకే ఇల్లు, ఒకే మాట!

అసలు అర్థం మాత్రం ప్రమాదకరమనే. 'ఖతర్' అంటే ప్రమాదం, అరబ్బీ మాట. 'నాక్' అనేది ఫారసీ తోక, 'నిండిన' అని చెప్పడానికి. దర్ద్‌నాక్, ఖౌఫ్‌నాక్‌లకూ ఇదే తోక. జర, పరేషాన్‌లాగే ఉర్దూ నుంచి తెలంగాణ తెలుగులోకొచ్చి ఇక్కడే సెటిలైపోయింది. 2006లో రవితేజ సినిమాకి టైటిల్ కూడా అయింది.

ప్రమాదం పొగడ్తెలా అయిందంటారా? భయమేసేంత బాగుందని! ఇవాళ రీల్స్ కింద 'అరాచకం', 'ఊచకోత' అని కామెంట్ పెట్టేవాళ్లు మెచ్చుకుంటున్నట్టేగా. ఇంగ్లిష్‌లో 'వికెడ్' కూడా ఇదే బాపతు.

నోటితో అంటే గొడవే లేదు. 'ఖతర్నాఆక్' అని సాగదీసి కళ్లెగరేస్తే మెచ్చుకోలు. గొంతు తగ్గించి అంటే హెచ్చరిక. చాటింగ్‌లో గొంతెక్కడుంటుంది? పోయినేడాది బాపుని హాస్పిటల్‌లో చేర్పించినప్పుడు మా తమ్ముడు గ్రూపులో "బాపు బీపీ ఖతర్నాక్ ఉన్నదట" అని పెట్టాడు. నేను బస్సులో ఉన్నా, చేతులు వణికాయి. అంతలో గుంటూరు ఫ్రెండొకడు దాని కింద మూడు ఫైర్ ఎమోజీలు కొట్టాడు. బీపీ కంట్రోల్‌లోకొచ్చిందనుకున్నాడట పాపం! తమ్ముడు వాడితో నెల రోజులు మాట్లాడలేదు.

వాడి తప్పూ పెద్దగా లేదులెండి. చాలాకాలం మన సినిమాల్లో తెలంగాణ యాస అంటే రౌడీకో, కమెడియన్‌కో రాసిందే. 'ఫిదా'లో (2017) హీరోయినే ఆ యాసలో దంచికొట్టింది కానీ, అంతకుముందు మా హాస్టల్‌లో నేను ఖతర్నాక్ అంటే "ఏదీ, ఇంకోసారి అను" అని నవ్వేవాళ్లు. వాళ్లకది డైలాగ్, మాకు ఇంట్లో మాట. నవ్వుకోసమే విన్న మాటలో భయం కూడా ఉంటుందని వాడికెలా తెలుస్తుంది?

బాపు ఇప్పుడు బాగున్నాడు. తమ్ముడు మాత్రం హాస్పిటల్ కబుర్లన్నీ వాయిస్ మెసేజ్‌లోనే పెడుతున్నాడు.