మీకు తెలుసా? తుపాకి గొట్టాన్ని ముందు కడగాల్సింది నీళ్లతోనే

మూతి నుంచి మందునూ గుండునూ దట్టించి పేల్చే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో వాడిన తుపాకి మందు సుమారు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం కలిసిన మిశ్రమం. అది కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత పొగతో బయటికి పోగా, తక్కినది గుండును గిర్రున తిప్పేందుకు గొట్టం లోపల చెక్కిన మూడు మెలికల గాడులలో మసిగా పేరుకుంటుంది. ఆ మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుముకు త్వరగా తుప్పు పట్టిస్తాయి. ఇవి నూనెలో కరగవు, నీటిలో కరుగుతాయి గనుక, గొట్టాన్ని నీళ్లతో కడిగి, కడ్డీ చివర చుట్టిన గుడ్డకు నలుపు అంటడం మానేదాకా తుడుస్తారు. వేడినీళ్లు వాడితే గొట్టమే వేడెక్కి లోపలి తడి తొందరగా ఆరిపోతుంది. నూనెను పలుచగా పూయడం ఆ తరువాతి పని.