ఫొటో భద్రం... మరి తేదీ?

కంప్యూటరు పాతబడింది. కొత్తది కొన్నారు. ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి కొత్త దాంట్లోకి దించారు. హమ్మయ్య అనుకుని ఫోల్డరు తెరిస్తే... పాప పుట్టినరోజు, తమ్ముడి పెళ్లి, కొమురవెల్లి జాతర అన్నీ ఒకే రోజు జరిగినట్టు ఒకే తేదీ! ఫొటోలు ఎక్కడికీ పోలేదు. వాటి కాలమే తప్పిపోయింది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దాంతో చాలా ఇళ్లలో పాత కంప్యూటర్లు మూలకు చేరుతున్నాయి. ఈ చిక్కు కూడా అందరికీ ఎదురవుతోంది.

'తేదీదేముంది, ఫొటో ఉందిగా' అనుకోవచ్చు. కానీ గజ్వేల్ నుంచి సిద్దిపేట వెళ్లే రాజీవ్ రహదారి మీద కుకునూరుపల్లి వైపు ఆ మాట అంత తేలిగ్గా అనలేం. 2022లో కొత్త మండలమైన ఈ ఊరు అంతకుముందు కొండపాక మండలంలో ఉండేది. అదే కొండపాక, పక్కనున్న తొగుట మండలాల్లోని ఊళ్లను ఖాళీ చేయించి కట్టిందే 50 టీఎంసీల మల్లన్నసాగర్. 2022 ఫిబ్రవరి 23న దాన్ని ప్రారంభించారు. వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, సింగారం... పేర్లు మిగిలాయి, ఊళ్లు నీళ్లపాలయ్యాయి. అక్కడివాళ్లు ఎందరో గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి పునరావాస కాలనీకి చేరారు.

అలాంటి ఊళ్లో ఇంటి అరుగు, వాకిట్లో వేపచెట్టు, బొడ్రాయి ఇప్పుడు ఫొటోల్లోనే కనిపిస్తాయి. ఆ ఫొటో ఊరు ఖాళీ కాకముందుదా? ఇల్లు కూలగొట్టే రోజుదా? రేపు మనవడు అడిగితే జవాబు చెప్పేది ఆ చిన్న తేదీయే!

ఒకటి కాదు... మూడు!

అసలు తేదీ ఎందుకు మారుతుంది? ఎందుకంటే ఒక్కో ఫొటోకు కనీసం మూడు తేదీలుంటాయి.

మొదటిది 'డేట్ క్రియేటెడ్'. ఈ ఫైలు ఈ డిస్కులో ఎప్పుడు పుట్టిందో చెబుతుంది. పాత దస్తావేజును ఈరోజు జిరాక్సు తీస్తే ఆ కాగితం ఈరోజుదే కదా! ఇదీ అంతే. కాపీ చేసిన రోజే కొత్త పుట్టినరోజు అవుతుంది.

రెండోది 'డేట్ మాడిఫైడ్'. ఫైల్లో చివరిసారి మార్పు జరిగిన తేదీ. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే ఇది మారదు. అందుకే ఒక్కోసారి ఫైలు పుట్టకముందే దాన్ని దిద్దినట్టు కనిపిస్తుంది!

మూడోది 'డేట్ టేకెన్'. కెమెరా క్లిక్‌మన్న క్షణం. ఇది ఫొటో లోపలే, 'ఎగ్జిఫ్' అనే చోట రాసి ఉంటుంది. జపాన్ పరిశ్రమ సంఘం 1995లో తెచ్చిన పద్ధతి ఇది. ఎన్ని డిస్కులు మార్చినా ఈ రాత చెరగదు.

కాబట్టి కంగారు పడకండి. ఫోల్డర్లో 'డేట్ టేకెన్' వరుసను తెరపైకి తెచ్చి చూడండి. చాలావరకు అసలు తేదీలు అక్కడ పదిలంగా ఉంటాయి.

నిజంగా పోయేదెక్కడ?

వాట్సాప్‌లో. ఫొటోగా పంపితే ఎగ్జిఫ్ వివరాలు ఊడిపోతాయి. ఫైలు పేరులో కనిపించే అంకెలు ఫొటో తీసిన రోజువి కావు. అదే 'డాక్యుమెంట్'గా పంపితే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఇక స్కాన్ చేసిన పాత ఫొటోకు స్కాన్ చేసిన రోజే తేదీ అవుతుంది. తాతయ్య పెళ్లి ఫొటో మొన్నటిదైపోతుంది!

మార్చేముందు ఇలా...

* కొత్త దాంట్లో అన్నీ సరిచూసుకునే దాకా పాత హార్డ్‌డిస్కును చెరపొద్దు, అమ్మొద్దు.

* విస్టా నుంచి విండోస్‌లోనే 'రోబోకాపీ' అనే సాధనం ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో పనిచేస్తుంది. ఫైళ్ల తేదీలను అలాగే తెస్తుంది. ఫోల్డర్ల తేదీలూ కావాలంటే 'డీకాపీ' అనే సూచన కూడా ఇవ్వాలి.

* అది కష్టమనిపిస్తే ఫోల్డరును జిప్ చేసి తీసుకెళ్లండి. 'మాడిఫైడ్' తేదీ దాంతోపాటే వస్తుంది.

* ఫైలు తేదీలు ఇప్పటికే చెదిరాయా? 'ఎగ్జిఫ్‌టూల్' అనే ఉచిత ప్రోగ్రాము ఫొటో లోపలి తేదీని తీసి ఫైలుకు తిరిగి పెట్టగలదు.

* స్కాన్ చేసిన ఫొటోలకు ప్రాపర్టీస్‌లోని 'డీటెయిల్స్'లో 'డేట్ టేకెన్' మీరే నింపొచ్చు.

* అన్నిటికన్నా గట్టి చిట్కా: తేదీని ఫైలు పేరులోనే పెట్టండి. '2019-06-12 అమ్మమ్మ ఇల్లు' అని రాస్తే ఏ కంప్యూటరుకు మార్చినా అది చెదరదు. పైగా ఫొటోలు వాటంతటవే వరుసలో నిలబడతాయి.

ఒక్క మాట. తేదీ ఉన్నంత మాత్రాన రుజువైపోదు. కెమెరా గడియారం తప్పయితే తేదీ కూడా తప్పే. కావాలని మార్చేవాళ్లూ ఉంటారు. అందుకే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే దాని 'హాష్' విలువతో ధ్రువపత్రం ఇవ్వాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్రలాంటిది. ఉత్తి కాపీతో అది మారదు. లోపల ఒక్క అక్షరం దిద్దినా మారిపోతుంది. కాబట్టి విలువైన ఫొటోల అసలు ఫైళ్లను ముట్టుకోకుండా దాచి, దిద్దుబాట్లేవైనా నకలు మీదే చేసుకోండి.

ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పాత ఫొటోలు తెరవండి. 'ఇది ఆ ఏడు బతుకమ్మ పండక్కి తీసింది' అని వాళ్లు చెప్పే మాటను పేరుగా రాసేయండి. కంప్యూటరు మర్చిపోయిన తేదీ వాళ్లకు ఇంకా గుర్తుంది.