మెడలో నరాల కణితి: శస్త్రచికిత్సకు ముందే ఏ నరమో తేలాలి

మెడలో నొప్పిలేని గడ్డ కనిపిస్తే మన దేశంలో వైద్యులు ముందుగా అనుమానించేవాటిలో క్షయ సోకిన లింఫు గ్రంథి ఒకటి. క్యాన్సర్ భయం సరేసరి. అరుదుగా ఆ గడ్డ నరం నుంచి పుట్టినదీ కావచ్చు. ఆ సంగతి శస్త్రచికిత్స మధ్యలో బయటపడితే చిక్కే. గడ్డతోపాటు నరం దెబ్బతింటే కంఠస్వరం, మింగే శక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఏమిటీ కణితి?

నరాల తంతువులకు తొడుగుగా ఉండే ష్వాన్ కణాల నుంచి పుట్టే కణితిని ష్వానోమా అంటారు. ఇది చాలావరకు క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. వినికిడి, సమతౌల్యాలకు సంబంధించిన ఎనిమిదో కపాల నరంపై వస్తే ఒక చెవిలో వినికిడి తగ్గుతుంది, హోరు వినిపిస్తుంది. మెడలో ఎక్కువగా వేగస్ నరంపై గానీ, సింపథెటిక్ నరాల గొలుసుపై గానీ వస్తుంది.

పరీక్షలో ఆనవాళ్లు

ఈ నరాలు మెడలో నిలువుగా సాగుతాయి. అందుకే గడ్డ అటూ ఇటూ కదిలినా పైకీ కిందికీ అంతగా కదలదు. నొక్కినప్పుడు దగ్గు వస్తే వేగస్ నరాన్ని, ఒకవైపు కనురెప్ప వాలి కంటిపాప చిన్నదైతే సింపథెటిక్ గొలుసును అనుమానిస్తారు. అయితే చాలామందిలో గడ్డ తప్ప మరే లక్షణమూ ఉండదు.

స్కాన్ చెప్పేదేమిటి?

ఇక్కడ ఎంఆర్‌ఐ కీలకం. వేగస్ నరం కెరోటిడ్ ధమనికి, జుగులార్ సిరకు నడుమ సాగుతుంది. దానిపై పెరిగే కణితి ఆ రెండింటినీ ఎడంగా నెడుతుంది. సింపథెటిక్ గొలుసు వాటి వెనుక ఉంటుంది కనుక, దానిపై కణితి వస్తే రెండూ విడిపోకుండా కలిసే ముందుకు జరుగుతాయి. ఈ సూత్రానికి మినహాయింపులూ ఉన్నాయి.

సూది పరీక్షలో నమూనా చాలక ఫలితం తేలకపోవడం సాధారణమే. పైగా, కెరోటిడ్ ధమని చీలేచోట పుట్టే మరో రకం కణితి రక్తనాళాలతో నిండి ఉంటుంది. సూది గుచ్చితే రక్తస్రావం కావచ్చు. అందువల్ల గడ్డలో నాడి కొట్టుకుంటున్నట్లు అనిపిస్తే ముందుగా స్కాన్ తీయించడమే మేలు.

నిర్ణయం ఎలా?

ఏ నరమో తెలిస్తే, వీలున్నచోట పై పొరను, నర తంతువులను ఉంచి లోపలి కణితిని మాత్రమే తొలగించేలా సిద్ధం కావచ్చు. అలా చేసినా కొందరిలో గొంతు బొంగురుపోతుంది. వేగస్ నరమని అనుమానం ఉంటే స్వరతంతువుల కదలికను ముందే పరీక్షించాలి. వృద్ధుల్లో, లక్షణాలు లేనివారిలో శస్త్రచికిత్సకు తొందరపడక, ఎప్పటికప్పుడు స్కాన్లతో గమనిస్తూ ఉండటమూ ఒక మార్గమే.

కనుక అంగీకారపత్రంపై సంతకం చేసేముందు రోగి మూడు ప్రశ్నలు అడగాలి: కణితి ఏ నరానిది? ఆ నరం దెబ్బతింటే ఏం కోల్పోతాను? ఇప్పుడే తీయించుకోవాలా? బోధన, గానం వంటి స్వరాధార వృత్తుల్లో ఉన్నవారికి రెండో ప్రశ్న జీవనోపాధికి సంబంధించినది.