నవ నారసింహ నడక.. ఓపికకు పరీక్ష
దూరం తక్కువే.. దారే కఠినం
సన్నద్ధత లేనిదే సాహసం తగదు

ఆళ్లగడ్డ: నల్లమల కొండల్లో కొలువైన అహోబిల నవ నారసింహ క్షేత్రాలన్నింటినీ కాలినడకన దర్శించాలన్న సంకల్పం భక్తులకే పరిమితం కాలేదు. తమ శరీర దారుఢ్యాన్ని పరీక్షించుకోవాలనుకునే యువకులు, నడివయస్కులు కూడా ఈ దారి పడుతున్నారు. అయితే మైదానంలో నాలుగు కిలోమీటర్లు నడవడం వేరు, రాళ్ల గుట్టల మీద నాలుగు కిలోమీటర్లు ఎక్కడం వేరు. ఈ తేడా తెలియక బయలుదేరినవారు సగం దారిలోనే చతికిలపడుతుంటారు.

ఏ క్షేత్రం ఎంత దూరం?

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం దిగువ, ఎగువ అని రెండు భాగాలు. రెండింటి మధ్య దూరం సుమారు 8 కిలోమీటర్లు. దిగువ అహోబిలం నుంచి భార్గవ, యోగానంద క్షేత్రాలు రెండేసి కిలోమీటర్లు, ఛత్రవట క్షేత్రం 3 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. కారంజ నరసింహస్వామి ఆలయం ఎగువకు వెళ్లే రోడ్డు పక్కనే ఉంటుంది. ఎగువన అహోబిల నరసింహస్వామి ప్రధాన ఆలయం, అక్కడికి కిలోమీటరు దూరంలో క్రోడ (వరాహ) క్షేత్రం, 2 కిలోమీటర్లలో మాలోల, 4 కిలోమీటర్లలో జ్వాలా నరసింహ క్షేత్రాలున్నాయి. తొమ్మిదోదైన పావన క్షేత్రం దట్టమైన అడవిలో ఉంది. చెంచులు ఈ స్వామిని విశేషంగా కొలుస్తారు.

జ్వాలా దారిలోనే అసలు పరీక్ష

భవనాశిని వాగు వెంట, గరుడాద్రి, వేదాద్రి కొండల నడుమ సాగే జ్వాలా నరసింహ మార్గమే వీటిలో కఠినమైనది. కొంతమేర మెట్లున్నా, చాలాచోట్ల గుండ్రాళ్ల మీద అడుగులు వేయాలి. ప్రతి అడుగుకూ ఎత్తు మారుతుంది కనుక మైదానంలో గంటలో ముగిసే దూరానికి ఇక్కడ రెండు గంటలకు పైగా పడుతుంది. ఆపైన ఉన్న ఉగ్రస్తంభం ఇంకా నిటారైనది. నరసింహస్వామి ఆవిర్భవించిన స్తంభం ఇదేనని భక్తుల విశ్వాసం. అక్కడికి రాళ్లను చేతులతో పట్టుకుని ఎక్కవలసి ఉంటుంది. కళ్లు తిరిగేవారు, గుండె జబ్బులు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు జ్వాలా క్షేత్రం వద్దనే ఆగిపోవడం శ్రేయస్కరం. నడవలేనివారికి డోలీ మోసేవారు అందుబాటులో ఉంటారు.

దిగేటప్పుడే ప్రమాదం

ఎక్కేటప్పుడు ఊపిరి ఆడకపోవడం అందరికీ అనుభవమే. దిగేటప్పుడు మాత్రం శరీర భారమంతా మోకాళ్లపై, తొడ కండరాలపై పడుతుంది. అలసిన కాళ్లు వణకడం, జారడం అప్పుడే మొదలవుతాయి. అందుకే ఉన్న శక్తినంతా పైకెక్కడానికే వెచ్చించరాదు. చేతికర్ర ఉంటే మోకాళ్లపై భారం కొంత తగ్గుతుంది. వెళ్లడానికి నెల రోజుల ముందు నుంచి రోజూ నడక, వారానికి రెండుమూడుసార్లు మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకుంటే కాళ్లు సిద్ధమవుతాయి.

వేసవిలో ఎండ, వానల్లో వాగు

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నడకకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో రాళ్లు సెగలు కక్కుతాయి. చెమటతోపాటు ఒంట్లోని లవణాలు కూడా పోతాయి కనుక ఒట్టి నీళ్లు మాత్రమే తాగితే సరిపోదు. ఓఆర్‌ఎస్ లేదా ఉప్పు కలిపిన మజ్జిగ వెంట ఉండాలి. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, తడబాటు కనిపిస్తే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, కిందికి తీసుకురావాలి. వర్షాకాలంలో కొండల మీద కురిసిన వాన భవనాశినిలో ఒక్కసారిగా ప్రవాహమై దూకుతుంది. అటువంటప్పుడు వాగు దాటడానికి ప్రయత్నించక, ఉధృతి తగ్గేవరకు వేచి ఉండాలి.

అడవి నిబంధనలు

నల్లమలలో చిరుతలు, ఎలుగుబంట్లు, పెద్దపులులు సంచరిస్తాయి. ఒంటరి నడక, చీకటి పడ్డాక నడక రెండూ ప్రమాదకరమే. ఉదయమే బయలుదేరి మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పట్టాలి. పావన క్షేత్రానికి వెళ్లేవారు ముందుగా అటవీ సిబ్బందిని సంప్రదించాలి. స్థానికుడొకరిని వెంట తీసుకెళ్తే దారి తప్పే బాధ ఉండదు. ఎగువన కోతుల బెడద ఉంది కనుక తినుబండారాలు చేతిలో కనిపించనీయరాదు. నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ సంచులు తిరిగి వెంట తెచ్చుకోవాలి. అడవిలో పారేసిన ప్లాస్టిక్‌ను తిన్న జింకల ప్రాణాలకు ముప్పు.

సోపానాల చరిత్ర

ఈ దారి కష్టాన్ని పూర్వులు కూడా గుర్తించారు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అహోబిల, శ్రీశైలాలకు సోపానాలు కట్టించినట్లు శాసనాలు చెబుతున్నాయి. ఆయన ఆస్థాన కవి ఎర్రాప్రగడ ‘నృసింహ పురాణం’లో ఈ క్షేత్ర మహిమను వర్ణించాడు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో స్వామిని సేవించి ఆభరణాలు సమర్పించినట్లు ఇక్కడి శాసనం తెలుపుతోంది.

మూడు రోజుల ప్రణాళిక

ఒక్కరోజులో అన్నీ చుట్టిరావాలన్న పట్టుదల కన్నా మూడు రోజుల ప్రణాళిక మేలు. మొదటి రోజు దిగువ క్షేత్రాలు, కారంజ. రెండో రోజు ఎగువ అహోబిలం, క్రోడ, మాలోల, జ్వాలా. మూడో రోజు పావన క్షేత్రం చూడవచ్చు. ఆలయాల వేళలు ముందుగా తెలుసుకోవాలి. ఆళ్లగడ్డ నుంచి దిగువ అహోబిలానికి సుమారు 25 కిలోమీటర్లు, బస్సులున్నాయి. రైలులో వచ్చేవారు నంద్యాలలో దిగి ఆళ్లగడ్డ మీదుగా చేరవచ్చు. ఈసారి ఎక్కలేకపోయిన కొండను మళ్లీ వచ్చి ఎక్కవచ్చు. ఒంట్లో సత్తువ ఉండగానే వెనుదిరగడం ఓటమి కాదు.