గాలి 20, విసురు 50: మన షెడ్డు రేకు దేనికి లేస్తుంది?



2022 డిసెంబరులో మనవరాలిని చూడడానికి షోళింగనల్లూరు పోయుంటిమి. బిడ్డ, అల్లుడు అక్కడ ఓఎంఆర్ పక్కన అపార్ట్‌మెంటులో ఉంటారు. 9వ తేదీ రాత్రి మాండూస్ తుపాను మహాబలిపురం దగ్గర తీరం దాటింది. అక్కడి తెలుగోళ్ళ గ్రూపులో సాయంత్రం నుంచే ఒకటే గొడవ. ఒకరి ఫోన్‌లో గాలి 40 అని, ఒకరి ఫోన్‌లో 21 అని, టీవీలో 65 నుంచి 75, విసురు 85 అని. ఎవరిది నమ్మాల?

"మామా, అంకె పక్కన ఏం రాసుందో చూడు" అన్నాడు అల్లుడు. 40 పక్కన నాట్లు, 21 పక్కన సెకనుకు మీటర్లు. నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. సెకనుకు మీటరు అంటే 3.6 కిలోమీటర్లు. లెక్క వేస్తే రెండూ 75 దగ్గరికే వచ్చాయి. గొడవంతా కొలతది, గాలిది కాదు.

విసురు మాట వేరే. దీన్నే ఫోన్‌లో గస్ట్ అంటారు. వాతావరణ శాఖ తుపానుకు చెప్పే మొదటి అంకె 3 నిమిషాల సగటు. గస్ట్ అంటే కొన్ని సెకన్లు వచ్చి పోయే దెబ్బ. మనకు నష్టం చేసేది ఈ రెండోదే.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఏడాది ఎండాకాలంలో పురుగు నాల్గో జ్వరం దాటి ఆకు బాగా తినే రోజుల్లో ఫోన్ చూస్తే గాలి 20 అని ఉండె. 20కి ఏమవుతుందిలే అని పడమటి కిటికీలన్నీ తెరిచి, తూర్పువి మూసి పెట్టినా. కింద చిన్న అక్షరాల్లో గస్ట్ 50 అని ఉంది, చూడలేదు. సాయంత్రం మబ్బు కమ్మి ఒక్క విసురు కొట్టింది, నాలుగు రేకులు చేనులో పడ్డాయి. వాన పురుగు మీదే కురిసింది. ఆ పంట పోయింది.

గాలి రెండింతలైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. 20 నుంచి 50 అంటే వేగం రెండున్నర రెట్లు, తోపు ఆరు రెట్లకు పైన. పైగా ఎదురు కిటికీ తెరిచి వెనకది మూస్తే లోపల దూరిన గాలికి పోయే దారి ఉండదు, రేకును కింద నుంచి ఎత్తుతుంది. బయట పైనుంచి పోయే గాలి కూడా రేకును మీదికే పీకుతుంది. నేను చేసిన తప్పు అదే.

ఇంకొకటి. ఫోన్‌లో మీ ఊరి పేరు ఉన్నంత మాత్రాన అది మీ ఊరి లెక్క కాదు. కంప్యూటరు భూమిని పది, ఇరవై కిలోమీటర్ల గళ్ళుగా కోసి ఒక్కో గడికి ఒక అంకె ఇస్తుంది. షోళింగనల్లూరు గడిలో సముద్రం, బకింగ్‌హామ్ కాలువ, అపార్ట్‌మెంట్లు అన్నీ కలిసిపోతాయి. మన కొండ పక్క ఊర్లలో గుట్ట, లోయ ఒకటే అవుతాయి. ఆ కొలత కూడా నేలకు 10 మీటర్ల ఎత్తులోది. పైకి పోయేకొద్దీ గాలి పెరుగుతుంది, అందుకే ఆ రాత్రి పై అంతస్తుల వాళ్ళకి నిద్ర లేదు.

తుపాను గాలి రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. మన ఎండాకాలం ఉరుముల గాలి అట్ల కాదు. దానికి వాతావరణ శాఖ 3 గంటల ముందస్తు హెచ్చరికే దిక్కు, రాడార్ చూసి ఇస్తారు. షోళింగనల్లూరు పక్కనే పళ్ళికరణైలో ఎన్‌ఐఓటీ ఆవరణలో అట్లాంటి రాడార్ ఒకటి ఉంది. మౌసమ్ యాప్‌లో హెచ్చరికలు వస్తాయి, పిడుగుకు దామిని ఉంది.

దిక్కు కూడా చూడండి. వాయవ్య గాలి అంటే వాయవ్యం నుంచి వచ్చేది, అటు పోయేది కాదు. తుపానులో దిక్కు తిరగనూ వచ్చు. 2016 డిసెంబరు 12న వర్ధా కన్ను చెన్నై మీదుగా పోయినప్పుడు గాలి కాసేపు ఆగి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. ఆగింది కదా అని బయటికి వస్తే అంతే.

ఇప్పుడు హెచ్చరిక వస్తే నేను ముందు ఆకు కోసి లోపల పెడతా, తడి ఆకు వేయకూడదు కదా. గాలి వచ్చే వైపు కిటికీలు మూసి, అవతలి వైపువి కొంచెం తెరిచి ఉంచుతా. అన్నీ బిగిస్తే ఐదో దశ పురుగుకు ఉక్క, తేమ పట్టి రోగం వస్తుంది. గాలి తగ్గగానే మళ్ళీ తెరుస్తా. చంద్రికలు బయట చావిట్లో ఉంటే పందిరి తాళ్ళు ముందే బిగించుకోవాల.

మీ షెడ్డుకు ఎండాకాలం విసురు ఏ దిక్కు నుంచి వస్తుందో ఊరి పేరుతో గ్రూపులో పెట్టండి. అన్నీ కలిపి వచ్చే నెల రాస్తా.